పక్క సీటు మాట

“అన్నా, పక్కన కూర్చున్నవాళ్ళ మాట నడిపేవాళ్ళకి వినపడాలి. అంతే. ఇంకేం వద్దు.”

అలా అన్న కుర్రాడి పేరు ఉమేష్. గొంతు బొంగురుపోయి ఉంది. రాయపూర్ శంకర్ నగర్‌లో గిరిధర్ షాపు ముందు అతను ఆపింది స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు.

గిరిధర్ పని కార్ల లోపల మోత తగ్గించడం. తలుపుల రేకుకీ, నేల రేకుకీ, చక్రాల పైభాగానికీ లోపలి నుంచి షీట్లు అంటించి రోలర్‌తో అదుముతాడు. తలుపుల అంచుకి రబ్బరు బీడింగ్ మారుస్తాడు. ఇన్నాళ్ళూ జీపులు చేశాడు, ట్యాక్సీలు చేశాడు. స్పోర్ట్స్ కారు మాత్రం షాపుకి రావడం ఇదే మొదలు. పని కుదిరితే దీని ఫోటో బోర్డు మీద వేయించాలని అప్పుడే అనుకున్నాడు.

“మీరెక్కడుంటారు బాబూ?”

“డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. నాన్న వ్యాగన్ షాపులో చేసేవారు.”

“అరే! మా మావయ్య కూడా అక్కడే ఫిట్టరు. అయితే నువ్వు మనోడివే. జలుబు చేసిందా ఏటి?”

“జలుబు కాదన్నా, ఈ కారే. అమ్మా నేనూ మొన్న ధమ్తరి వెళ్ళొచ్చాం. దారి పొడుగునా అరుపులే. స్పీడ్ బ్రేకర్ ఉందని చెప్తే వినపడలేదు. ఇద్దరం ఎగిరిపడ్డాం.”

గిరిధర్ నవ్వాడు. “అమ్మ కేకలు వినపడకపోతే కొడుక్కి హాయే కదా. డబ్బులిచ్చి మరీ వినిపించుకుంటావా?”

ఉమేష్ నవ్వలేదు. “ఆదివారం విజయనగరం వెళ్ళాలన్నా. మాలతక్క గృహప్రవేశం. కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు దాటాలి, సాలూరు ఘాట్ రోడ్డు దాటాలి. రైల్లో వెళ్దామంటే అమ్మ వినదు. కారులోనే అంటోంది. మోత తగ్గిందా, సరే. తగ్గలేదా, నేను ఈ కారెక్కను. అక్క దగ్గర మాట ఎవరు పడతారు?”

“పెద్దావిడకి ఇంత కిందకున్న బండి ఎక్కడం దిగడం కష్టం కదా?”

“ఎక్కడం ఏం కష్టం కాదు. దిగమంటేనే దిగదు.”

ఇలాంటి కొడుకుని గిరిధర్ చూడలేదు. స్పోర్ట్స్ కార్ల కుర్రాళ్ళు ఇంకా మోత పెంచమంటారని విన్నాడు. వీడు తల్లి మాట ఒక్కటి కూడా పోకూడదంటున్నాడు.

గిరిధర్‌కి పరీక్ష పద్ధతి ఒకటుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళు మామూలు గొంతుతో పేపరు చదవాలి. నడిపేవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి. మీటర్లని అతను నమ్మడు.

ఇద్దరూ నయా రాయపూర్ రోడ్డెక్కారు. ఉమేష్ తాళం గిరిధర్ చేతిలో పెట్టి, తను పేపరు పట్టుకున్నాడు. ఒక చేత్తో పేపరు, ఒక చేత్తో తలుపు పిడి. కారు వేగం అందుకుంది.

“ఏం చదివావు?”

“ఉల్లిపాయల రేటు.”

“నాకు క్రికెట్ అనిపించింది.”

“ఇంక చాలన్నా, వెనక్కి పోదాం,” అన్నాడు ఉమేష్. పిడి మాత్రం వదల్లేదు. సొంత కారు పరాయి చేతిలో ఉంటే ఎవరికైనా అంతేలే అనుకున్నాడు గిరిధర్.

సీట్లు ఊడదీసి పని మొదలుపెట్టాడు. మోత ఎక్కువగా వచ్చేది చక్రాల దగ్గర నుంచే. అక్కడ రెండు వరసలు వేశాడు. ఉమేష్ ఆఫీసు నుంచి వస్తూ రోజూ తొంగిచూశాడు.

“అన్నా, కుడివైపు బాగా వెయ్యి. మాట వినపడాల్సింది అటే.”

“నడిపేవాళ్ళ వైపు సంగతి నాకు వదిలెయ్. ఛల్, ఇంటికి పో.”

అతను వెళ్ళాక గిరిధర్ ఎడమవైపు కూడా ఇంకో వరస వేశాడు. అడగకుండానే వేశాడు. తల్లి కూర్చునే వైపు అని.

శుక్రవారం మళ్ళీ అదే రోడ్డు, అదే పద్ధతి. ఉమేష్ పేపరు తీశాడు. మామూలు గొంతుతోనే చదివాడు. గిరిధర్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వార్త మొత్తం అప్పజెప్పాడు, కింద ఉన్న కోచింగ్ సెంటర్ ప్రకటనతో సహా.

ఉమేష్ పేపరు మడిచి గిరిధర్ భుజం పట్టుకున్నాడు. “బతికించావన్నా.”

“అంత మాటెందుకు బాబూ. అమ్మని తీసుకురా. ఆవిడ బాగుందంటేనే నా పని అయినట్టు.”

శనివారం పొద్దున్న ఆటోలో తల్లీకొడుకులు దిగారు. తాయారమ్మ నేత చీరలో ఉంది. చేతిలో స్టీలు డబ్బా. కారు తలుపు వేలితో కొట్టి చూసింది. ఇదివరకటి రేకు చప్పుడు లేదు.

“నువ్వేనా బాబూ గిరిధర్‌వి? మావాడు నీ పేరే జపం చేస్తున్నాడు. ఇవిగో, సున్నుండలు.”

గిరిధర్ డబ్బా అందుకుని, ఎడమవైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “రండమ్మా. ఇటువైపు ఒక వరస ఎక్కువ వేశాను, మీకోసమే.”

“అయ్యో, ఎందుకు బాబూ అంత శ్రమ!” అంది తాయారమ్మ.

అని, గిరిధర్ తెరిచిపట్టుకున్న తలుపులోంచి కొడుకుని లోపలికి నెట్టి, కొంగు నడుముకి దోపుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది, ఇంజను ఇంకా అందుకోకముందే “అమ్మా, మెల్లగా!” అన్నాడు ఉమేష్.