ఎవరి కంచం వాళ్ళే

"మా వాడు కంచం తీసేడా, మీరు తీయించేరా? ముందది తేల్చమ్మాయ్."

కుర్చీ చూపించినా కూర్చోకుండానే అడిగారు సత్యనారాయణమూర్తిగారు. పిల్లలు పడుకునే వేళ పెద్దలెవరూ లోపలికి రాకూడదని నర్సరీ గేటు మీద రాసి ఉంది. ఆయన దాన్ని చదివి మరీ వచ్చారు.

"మేమే తీయించేమండి," అంది వెంకటదుర్గ. "కాస్త మెల్లిగా మాట్లాడండి. పిల్లలు లేస్తారు."

కొత్తపేటలో ఆయన్ని మెల్లిగా మాట్లాడమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఊళ్ళోకి కలెక్టరొచ్చినా 'నువ్వు' అని పిలిచే పెద్దరికం ఆయనది. కిటికీ దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న ఆయా ఏంజెల్ చేతులు ఆగిపోయాయి.

"రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా?"

"తెలుసండి."

"తెలిసినా సరే, నా నోట విను. మండపేట నుంచి మిల్లు షావుకారొచ్చి నా పక్కన భోంచేస్తున్నాడు. మా సూర్యతేజ తినడం అవగానే కంచం పట్టుకుని లేచేడు. లేచినవాడు ఊరుకున్నాడా? 'తాతయ్యా, నీ కంచం నువ్వే తియ్యాలి, లేకపోతే ఏంజెల్ ఆంటీ కథ చెప్పదు' అన్నాడు. నాలుగేళ్ళ వెధవ. షావుకారికి పొలమారింది."

గుమ్మంలో నిలబడ్డ రెండో ఆయా వీరాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెంకటదుర్గ అటు చూసేసరికి వంటగదిలోకి తప్పుకుంది.

"మరి మీ కంచం మీరు తీసేరా అండి?"

"మా ఇంట్లో మగాళ్ళు కంచాలు తియ్యరు. తీసేవాళ్ళున్నారు."

"ఉన్నారండి," అంది వెంకటదుర్గ.

ఆయన గొంతు సవరించుకున్నారు. "మా అబ్బాయి కువైట్లో ఉన్నాడు గనక వీడి మంచీచెడూ నేనే చూసుకోవాలి. ఈ ఏంజెల్‌ని రేపట్నుంచి రానివ్వకు. మా వాడి కంచం ఇకమీదట ఇంకెవరైనా తీస్తారు. అంతే."

"ఆ పద్ధతి ఏంజెల్ పెట్టింది కాదండి. నేను పెట్టేను. ఇక్కడ ఎవరు తిన్నా వాళ్ళ కంచం వాళ్ళే తొట్లో పెట్టాలి. నేనైనా అంతే. పంతులుగారి పాప పెడుతోంది. ఆటో గంగరాజు కొడుకు పెడుతున్నాడు."

"వాళ్ళూ మేమూ ఒకటా?"

"తొట్టి ఒకటేనండి."

ఏంజెల్ ముందుకొచ్చింది. "మేడంగారూ, నేను మానేస్తానండి. నా మూలాన మీకు..."

"నిన్నెవరడిగేరు? ఆ దుప్పట్లు సర్దు."

ఇక్కడ మానేస్తే ఏంజెల్ మళ్ళీ ముమ్మిడివరం అవతల రొయ్యల షెడ్డుకే వెళ్ళాలి. అక్కడి మంచునీళ్ళలో నాని పగిలిన వేళ్ళు ఇప్పుడిప్పుడే మామూలవుతున్నాయి. ఆ వేళ్ళతోనే పిల్లలకి జడలు వేస్తోంది. ఆ సంగతి వెంకటదుర్గకి తెలుసు. వంటగది తలుపు వెనక వీరాయమ్మ చెవి ఒగ్గి వింటోందనీ తెలుసు. ఇవాళ ఏంజెల్‌ని పంపేస్తే, రేపటినుంచి ఈ ఆయాలు పిల్లల్ని చూడరు, పిల్లల వెనకున్న ఇళ్ళని చూస్తారు.

"ఈ డాబా ఎవరిదో మర్చిపోయినట్టున్నావు," అన్నారాయన.

"మీదేనండి. పొమ్మంటే పోతాం. వీరాయమ్మగారింటి వసారా చిన్నదే, సర్దుకుంటాం."

"సర్దుకుందామండీ," అని వంటగదిలోంచి వినిపించింది.

"అయితే మావాణ్ణి మానిపించేస్తాను. నన్ను చూసి మిగతావాళ్ళూ మానిపిస్తారు."

"మిగతావాళ్ళ సంగతి వాళ్ళిష్టమండి. సూర్యతేజని చేర్పించింది వాడి తల్లి. మానిపిస్తే ఆవిడే మానిపించాలి."

ఆయన అప్పుడు కూర్చున్నారు. కాసేపు వెంకటదుర్గనే చూశారు.

"వాడి తల్లి నా మాట దాటదు."

"ఇన్నాళ్ళూ దాటలేదేమోనండి."

"బిడ్డ చేత ఎంగిలి కంచం మోయిస్తే ఏ తల్లైనా చూస్తూ ఊరుకుంటుందా?"

"ఈవిడ ఊరుకుంటుందండి. నేను చెప్తున్నాను కదా."

ఇంతలో లోపల ఒక పిల్ల లేచి ఏడ్చింది. ఆ వెంటే గది గదంతా లేచింది. వీరాయమ్మ ఉడికించిన చిలగడదుంపలు తెచ్చి పంచింది. పిల్లలు గోడవారగా వరసగా కూర్చుని తిన్నారు. సత్యనారాయణమూర్తిగారు కదల్లేదు. కర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తూ ఉండిపోయారు.

సూర్యతేజ తినడం అయింది. కంచం అంచు పట్టుకుని లేచాడు.

"ఒరేయ్, అక్కడ వదిలెయ్," అన్నారు తాతగారు.

వాడు ఆయన్ని చూశాడు. తర్వాత ఏంజెల్‌ని చూశాడు. ఏంజెల్ వెంకటదుర్గని చూసింది. వీరాయమ్మ గిన్నె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

"నన్ను చూస్తావేం?" అంది వెంకటదుర్గ. "వాడు అడుగుతోంది నిన్ను."

ఏంజెల్ వాడి వైపు తిరిగింది.

"తొట్లో పెట్టు నాన్నా. పెట్టొస్తే కథ చెప్పుకుందాం."

వాడు తొట్టి దాకా నడిచాడు. దాని గట్టు వాడికి కొంచెం ఎత్తు. మునివేళ్ళ మీద లేచి, కంచం చప్పుడు కాకుండా లోపలికి జార్చి, చెయ్యి లాగుకి తుడుచుకున్నాడు. సత్యనారాయణమూర్తిగారు లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"సాయంత్రం తేలుస్తాను దీని సంగతి."

"ఇక్కడైనా, ఇంకెక్కడైనా నా మాట ఇదేనండి."

ఆయన గేటు దాటి, రోడ్డవతల కిళ్ళీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఏంజెల్ మధ్యమధ్యలో కిటికీలోంచి అటు చూస్తూనే ఉంది.

"రేపు తెరుస్తామా అండీ?" అంది వీరాయమ్మ, చీపురు మూల పెడుతూ.

"ఎనిమిదింటికల్లా ఇద్దరూ వచ్చెయ్యండి. ఏంజెల్, ఆలస్యమైతే ఊరుకోను."

"ఆయ్," అంది ఏంజెల్. కళ్ళు తుడుచుకుని గబగబా సందు మలుపు తిరిగింది.

వెంకటదుర్గ గేటుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది. రోడ్డవతల సత్యనారాయణమూర్తిగారు బల్ల మీంచి లేచి, ఇటు చూడకుండా నడక మొదలుపెట్టారు.

వెంకటదుర్గ కొడుకుని చంకనెత్తుకుని, మామగారి వెనకే ఇంటికి బయల్దేరింది.