సీసాలో మిగిలిన సగం

లారీ డ్రైవర్ గుద్దిన గుద్దుకు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ అద్దం భళ్లున పగిలింది. ఆ కంతలోంచే చెయ్యి దూర్చి, గుమస్తా కాలర్ పట్టి ముందుకు గుంజాడు.

"మా నాన్న గుండెకిచ్చే ఇంజెక్షన్‌లో సగం పారబోసి, సీసా మొత్తానికీ బిల్లేస్తావురా? పైగా 'వృథా అయిన మందు' అని దర్జాగా రాస్తావా? ఆ సగం కూడా పడుంటే ఈపాటికి లేచి కూర్చునేవాడు!"

అతడి మోచేతి నెత్తురు బిల్లు మీద బొట్లుబొట్లుగా రాలుతోంది.

"మందు మనిషి బరువును బట్టి ఎక్కిస్తారు బాబూ," గుమస్తా గొంతు కీచుమంది. "మీ నాన్నగారికి సగమే సరిపోయింది. విప్పిన సీసా ఇంకొకరికి వాడకూడదు."

"సగమా? దున్నపోతును కొమ్ములు పట్టి కూలేసిన మనిషిరా ఆయన!" అంటూ రెండో చెయ్యి ఎత్తాడు.

వెనకనుంచి చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని కొట్టకు అన్నయ్యా. నాన్న మీద పంతం పట్టి ఇన్నేళ్లూ నువ్వు మా గడపే తొక్కలేదు. పొద్దున నాన్నని చంకనెత్తుకుని ఆటో ఎక్కించింది నేనే. ఒక్కదాన్నే."

ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగింది. పుల్లల్లాంటి ఆమె చేతుల వంక చూస్తూ అతడు కాలర్ వదిలేశాడు.

"నువ్వా?" అన్నాడు. "నిండు బిందె ఎత్తలేవు కదే నువ్వు!"