గోడ దాకా పోయిన అడుగులు

మూసీ పొంగి చాదర్‌ఘాట్ ఇండ్లు మునిగిన ఏడు జరిగింది ఇది. పంజాగుట్టల ఒక హోటల్ మిద్దె మీద లారీలకొద్దీ ఇసుక పోసి, ఎత్తు గోడకు సముద్రం బొమ్మ ఏసి, బీచ్ అని పేరు పెట్టిన్రు. గెస్టులు పోయినంక ఇసుక దువ్వి సాపు చేసుడు నా పని. గోడ కాడ మొదలుపెట్టి, ఎనకకు నడుచుకుంట మెట్ల దాకా దువ్వుత. అట్లైతే నా అడుగు సుత మిగలదు.

ఆ రాత్రి దువ్వుడు అయినంక తారక్ సారు మల్ల పైకొచ్చిండు. భార్యతోని వచ్చి తిని పోయిన గెస్టు.

"ఫోన్ ఆ గోడ దగ్గర మర్చిపోయా తాతా."

"ఇప్పుడే దువ్విన సారూ."

"మీ సముద్రాన్ని ఏం చెయ్యనులే," అని నవ్వుకుంట పోయిండు.

నేను మెట్ల మీద కూసున్న. దిగెతందుకు అదొక్కటే తొవ్వ. జర సేపటికి ఆయన భార్య హరిణి వచ్చింది.

"మావారు ఇంకా పైనే ఉన్నారేంటండీ?"

లైట్లన్నీ ఏసిన. ఎవ్వరు లేరు. సారు అడుగులు గోడ దాకా పోయినయి. తిరిగొచ్చిన అడుగు ఒక్కటి లేదు. ఫోన్ గోడ కిందనే ఉంది.

ఆమె ఆ అడుగుల పక్కకెల్లి నడిచి బొమ్మ మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తడిసింది. నాలికకు ఆనించుకుంది.

"ఉప్పగా ఉందండీ," అన్నది మెల్లగ.

పోలీసులు వచ్చి చూసి పోయిన్రు. పొద్దుగాల మేనేజర్ ఇసుక దువ్వమన్నడు. హరిణమ్మ గోడకు ఎదురుంగ కూసోనే ఉంది. చుట్టంత దువ్విన. ఆయన అడుగులను మాత్రం ముట్టలే. మల్ల వస్తే తొవ్వ తెల్వాలె గద.