సారీ, అంకుల్

అమెరికాలో మేముండే అరోరా ఊరి లైబ్రరీలో ఆ శనివారం మా బుక్ క్లబ్ మాట్లాడుకున్నది ఆ దేశపు దక్షిణాది కుటుంబం మీద రాసిన నవల గురించి. అక్కడ పిల్లలు పెద్దవాళ్లని "సర్" అనే పిలవాలి. తొమ్మిదేళ్ల పిల్ల, ఇంటికొచ్చే తండ్రి స్నేహితుణ్ణి అలా పిలవడం మానేస్తుంది. పొగరనుకుని తల్లి చెంప మీద కొడుతుంది. ఆ స్నేహితుడు పిల్లని ఏం చేశాడో బయటపడ్డాక, నాకేం తెలియదంటుంది తల్లి.

అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే.

"తెలియదట. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా? అసలు అది తల్లేనా?"

అందరూ తలలూపారు. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా అమ్మాయి రిషిత, వెనక కుర్చీలో కూర్చుని అంతా వింది.

కార్ తనే నడుపుతోంది. రెడ్ లైట్ దగ్గర ఆగాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"థర్డ్ గ్రేడ్‌లో నేను కూడా ఒకాయన్ని అంకుల్ అనడం మానేశాను అమ్మా. నువ్వు డిన్నర్‌లో అందరి ముందూ నాతో సారీ చెప్పించావ్."

గ్రీన్ పడింది. కార్ కదిలింది.

ఏ అంకుల్ అని నేను అడగలేదు.