వీధి మలుపు దాకా

“క్లాంపు అంత బిగించకు బావా, రబ్బరు నలిగిపోతుంది.”

“నాకే చెప్తున్నావా? నువ్వు నిక్కర్లేసుకునే రోజుల నుంచి స్పానర్ పడుతున్నాను.”

బామ్మర్ది ఇంకో క్లాంపు అందించాడు. వాడు పేరున్న కారు మెకానిక్. ఆ పేరు అక్క మొగుడి దగ్గర మాత్రం చెల్లదు.

అపార్ట్‌మెంటు కింద కారు బానెట్ ఎత్తి ఉంది. పాత ఎయిర్ ఫిల్టరు, దాని నల్ల ప్లాస్టిక్ డబ్బాతో సహా ఊడి నేల మీద పడి ఉంది. ఆ చోటులోకి గాలిని ఎక్కువగా లాగే వెడల్పాటి గొట్టం, గొట్టం కొసన గరాటు లాంటి కొత్త ఫిల్టరు వెళ్తున్నాయి. యాభయ్యో పుట్టినరోజుకి పెళ్ళాం కొనిచ్చింది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె తనంతట తాను ఇచ్చిన మొదటి కానుక అది. గోడౌన్ సూపర్‌వైజర్‌గా పగలంతా అరిచి ఇంటికొస్తే పలకరించే దిక్కుండదు, ఎవరి గదిలో వాళ్లుంటారు. ఆ కడుపుమంట అతనికి ఏళ్ల నాటిది. పొద్దున పెట్టె విప్పి ఫిల్టరుని అటూ ఇటూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ మురిపెం బయటపడకుండా, “ఈ దండగ ఎవడు చెయ్యమన్నాడు?” అని కసిరాడు. కసిరినవాడే సెలవు పెట్టి మరీ బిగిస్తున్నాడు.

“ఒకటి చెప్పనా బావా? దీంతో పవరేం పెద్దగా రాదు. సౌండొస్తుంది, అంతే.”

“మరి మీ అక్క ఇదే ఎందుకు కొంది?”

“సౌండు లేనిది కూడా చూపించాను. వద్దంది.”

“దానికున్న తెలివి నీకెక్కడేడిసింది? మగాడి బండంటే వస్తున్నట్టు తెలియాలి.”

బామ్మర్ది కిందపడ్డ స్క్రూ కోసం వంగాడు. లేవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“నీ చెయ్యి పడితే ఇంతే! శని!”

“గాలి కొలిచే సెన్సర్ వైరు పెట్టావా బావా?”

“పెట్టాను.”

పెట్టలేదు. బామ్మర్ది వైరు గుచ్చాడు. ఈసారి ఇంజను గుర్రుమంది. పిట్టగోడ మీద పిల్లి ఒక్క దూకు దూకింది.

రెండో అంతస్తు బాల్కనీలోంచి భార్య తొంగిచూసింది.

“ఏమండీ, ఒకసారి మెయిన్ రోడ్డు దాకా వెళ్లి రండి. మలుపు తిరగ్గానే మాకు వినిపించాలి.”

పక్కన ఫోన్ పట్టుకుని కూతురు. మోకాళ్ల నొప్పులని గది దాటని అతని తల్లి కూడా కుర్చీ లాక్కొచ్చుకుంది. ముగ్గురూ ఒక్కసారే తనకోసం బయటికి రావడం అతనికి గుర్తున్నంతలో లేదు.

“పనీపాటా లేదా మీకు?” అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే కారం లేదు.

మెయిన్ రోడ్డెక్కి వెనక్కి తిప్పాడు. మలుపులో యాక్సిలరేటర్ తొక్కాడు. వీధి మొత్తం వినపడింది. గేటు ముందు ఆపి, దిగుతూనే తలెత్తి చూశాడు.

“వినిపించిందా?”

“మలుపు నుంచే, నాన్నా! సూపర్!” కూతురు చెయ్యి ఊపింది. అతని తల్లి కూడా ఊపింది.

“చూశావురా?” అన్నాడు బామ్మర్దితో, ముఖం అటు తిప్పుకుని. “ఎప్పుడొస్తానా అని ఇంటిల్లిపాదీ కాచుకుని ఉంటారిక.”

“ఉంటారు బావా,” అన్నాడు బామ్మర్ది పానాలు సర్దుకుంటూ.

అతను కుళాయి దగ్గర చేతులకంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. ఈల కూడా వేస్తున్నాడు.

పైన కూతురు ఫోన్‌లో ఆపిన టైమర్ చూసింది.

“మలుపు నుంచి గేటు దాకా ఒక నిమిషం. మెట్లెక్కి రావడానికి ఇంకొకటి. రెండు నిమిషాలమ్మా. సరిపోతుందా?”

భార్య అత్తగారి వైపు చూసింది.

“నవ్వులు ఆపి ఎవరి గదిలోకి వాళ్లం పోవడానికి చాలులే,” అంది అతని తల్లి.