పొట్టేలు కొమ్ముల సైకిల్

వెంకటప్పయ్య వేలు నోట్లో పెట్టుకుని తడి చేసి, ఆ ఉమ్మిని ట్యూబ్ వాల్వు మీద రాశాడు. బుడగ లేవలేదు. “గాలి ఆగింది,” అని నవ్వి, అదే చేత్తో టీ గ్లాసు అందించాడు.

గ్లాసు అంచు మీద నల్లటి వేలిముద్ర. పున్నమ్మ తీసుకుని, తాగకుండా అరుగు మీద పెట్టేసింది.

“తాగండి, చల్లారిపోతది.”

“పొద్దున తాగే వచ్చిన.”

పక్కనున్న కూతురు లిఖిత మోచేత్తో పొడిచింది. ఎదురుగా వెంకటప్పయ్య కొడుకు అనిల్‌కుమార్ ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. అతనూ లిఖితా భద్రాచలంలో ఒకే బ్యాంకులో పనిచేస్తారు. ఈ సంబంధం మాట మొదట ఎత్తింది లిఖితే. రెండు నెలలు జోరీగలా పోరి, తనకు వరంగల్ ట్రాన్స్‌ఫర్ వచ్చేలోగా తేలిపోవాలని, ఈ ఆదివారం తల్లిని తల్లాడలో బస్సెక్కించి సారపాక తీసుకొచ్చింది. “చూసి వద్దాం. నీకు నచ్చకపోతే మళ్లీ ఆ ఊసే ఎత్తను,” అని ఒట్టు కూడా వేసింది.

నచ్చకపోవడానికి కారణాలు వెతకాల్సిన పనే లేదు. ఆడదిక్కు లేని ఇల్లని వాకిలే చెబుతోంది. ఎటు చూసినా చక్రాల్లేని సైకిల్ ఫ్రేములు. అన్నం వండుకునే గిన్నెలో కిరసనాయిలు, అందులో నానుతున్న చైన్లు. టైర్ల మీద కోళ్ల రెట్టలు. తుప్పు నీళ్లు గడప దాకా పారి ఎండిపోయాయి. ఒక ఆడదాని బతుకు తెచ్చి ఈ కుప్పలో పెట్టాలా అనిపించి, పున్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏందివన్నీ?” వరస కలపకుండానే అడిగింది.

అనిల్‌కుమార్ అందుకున్నాడు. “మౌంటెన్ బైకులు ఆంటీ. పేపరు మిల్లు కాలనీ పిల్లలు పెద్దగయినంక పాత సామానోడికి ఏస్తరు. నాన్న తెచ్చుకొని...”

“నిన్నడగలే బాబూ.”

వెంకటప్పయ్య చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. లుంగీ ఇంకాస్త నల్లబడింది. “ఒకదాని ఫ్రేము మంచిగుంటది, ఇంకోదాని చక్రం మంచిగుంటది. రెండు కలిపి ఒకటి చేస్త.”

“యాడిదో తెచ్చి యాడికో తగిలిస్తే అతుకుతదా?”

“ఉత్తగ అతకదు. రెండూ కొంచెం అరగాలె.”

“ఆ వంకర హ్యాండిలేంది, పొట్టేలు కొమ్ముల లెక్క? చూస్తేనే ఎబ్బెట్టుగుంది.”

“అది రేసు సైకిల్‌ది. దీనికి ముందున్న హ్యాండిల్ గింత వెడల్పు.” రెండు చేతులూ చాపి చూపించాడు. “అడివి బాటల వెదురు గుంపుల నడుమ పట్టది. తగిలి పడిపోతరు. గిదైతే భుజాలంతే ఉంటది. మనిషి దూరిన కాడల్ల సైకిల్ దూరుతది. లోపలి గూడేలోళ్లు అడిగి చేయించుకుంటరు.”

“గట్ల వంగి తొక్కితే నడుములుంటయా?”

“పైన పట్టుకుంటే ఏం గాదు.”

ప్రతిదానికీ ఒక జవాబు. పున్నమ్మకు ఒళ్లు మండింది. భర్త పోయాక ఇరవై ఏళ్లు మిరప చేను ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి ఆమె. జవాబులు చెప్పే మగవాళ్లను చాలామందినే చూసింది. మందుల షాపువాడు, మార్కెట్లో దళారీ, సొంత మరిది. నీకు తెల్వదులే అని నోటితో కాకపోతే కళ్లతో అన్నవాళ్లే అందరూ.

లేచి నిలబడింది. “లెవ్వే. బస్సు పోతది.”

“ఇంకొంచెం సేపమ్మా!”

“ఇంకేం చూడాలె? ఉమ్మి చూసిన, మడ్డి చూసిన, కోళ్ల రెట్ట చూసిన.”

దారికి అడ్డంగా ఆ కొమ్ముల సైకిలే ఉంది. పక్కకు తోద్దామని హ్యాండిల్ పట్టుకుంది. అరచేతికి జిగటగా గ్రీజు అంటుకుంది. ఛీ అనుకుంటూనే వేళ్లు బ్రేకు పిడి మీదికి చాపింది. అందలేదు.

“ఎవరికిది?”

“కన్నమ్మ అని, గూడెంల ఆశా వర్కరు.”

“ఆడమనిషికా! నా వేళ్లే అందుతలేవు. వాగులకు దిగేటప్పుడు ఆమె ఏం పట్టుకోవాలె, మీ తలకాయా?”

లిఖిత కళ్లు మూసుకుంది.

వెంకటప్పయ్య దగ్గరికొచ్చి పిడి వంకా, ఆమె వేళ్ల వంకా చూశాడు.

“నా చెయ్యి కొలత పెట్టిన. తప్పే.”

పానా తీసి మర వదులు చేశాడు. పిడిని వంపు మీద కొద్దిగా జరిపాడు. “ఇప్పుడు?”

“ఊహూఁ.”

మళ్లీ జరిపాడు. “ఇప్పుడు?”

“కొసలే తగులుతున్నయి.”

ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మూడోసారి జరిపాడు. అందింది. పున్నమ్మ గట్టిగా నొక్కి సైకిల్ ముందుకు తోసి చూసింది. చక్రం కదల్లేదు.

“ఇగ ఆడోళ్ల సైకిళ్లన్నిటికీ గిదే కొలత,” అన్నాడు వెంకటప్పయ్య, మర బిగిస్తూ.

పున్నమ్మ తన అరచెయ్యి చూసుకుంది. బొగ్గులా ఉంది. రోత పుట్టింది. అయినా బస్సు మాట ఎత్తకుండా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

“ఈ వాకిలి చూస్తే ఇప్పుడు గూడ కడుపుల దేవుతుంది,” అంది.

“తెలుస్తనే ఉంది.”

“వెనకాల రేకుల షెడ్డు ఏసుకొని, ఈ కుప్పంతా అందులోకి మార్చాలె.”

“ఏస్త.”

“తెల్లారి కాఫీ తాగేదాక సుత్తి చప్పుడు ఇనబడొద్దు.”

“ఇనబడదు.”

పున్నమ్మ కూతురి వైపు తిరిగింది. “నేను చెప్పేది అయిపోయింది. వాళ్ల మాటేందో కనుక్కో.”

లిఖిత మొహం విప్పారింది. ఒక్క గంతులో అనిల్‌కుమార్ దగ్గరికి వెళ్లింది.

“అన్నయ్యా, మీ నాన్నకు మా అమ్మ నచ్చిందా?”