ఊడ్వొద్దవ్వా

సంగమ్మ చీపురు అందుకోగానే ఎనిమిదేళ్ల కూతురు పోశవ్వ మీదపడి చెయ్యి కొరికింది. చీపురు లాక్కుని గడపకు అడ్డంగా పడి ఏడ్చింది.

1942 ఎండాకాలమంతా రోజూ ఇదే. ఆలూరులో అందరూ గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, మిరపకాయల పొగ పెట్టించారు. నిన్న పసుపు కొమ్ము కాల్చి నుదుట చురక పెట్టింది సంగమ్మే.

ఈరోజు ఆమెకు కొట్టే ఓపిక కూడా లేదు. బిడ్డ పక్కనే కూలబడింది.

“ఈ చీపురు నిన్నేం జేసింది బిడ్డా?”

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాళ్లే లేరు. పోశవ్వ వెక్కుతూనే చెప్పింది.

“ఊరికి పోయినోళ్లు చేరేదాక ఇల్లు ఊడ్వొద్దని నువ్వే చెప్పినవు గదవ్వా. తమ్ముడు సురంగల్ పోంగనే ఊడ్చినవు. అందుకే వాడు ఇంక చేరలే, చేరినట్టు కబురన్న రాలే. రోజూ ఊడుస్తే ఎట్ల చేరుతడు?”

గత్తర తగిలి వాంతులు, విరేచనాలతో పిల్లవాడు చనిపోయిన పొద్దున, పక్కింట్లో ఉంచిన కూతురికి, తమ్ముణ్ణి సురంగల్‌లో మేనత్త దగ్గరికి పంపామని చెప్పింది సంగమ్మే.

శవం లేచిన ఇంటిని వెంటనే ఊడ్చి కడగాలన్నది మాత్రం చెప్పలేదు.